కొళాయి గట్టు మీద అక్క

సోమవారం మొదటి ఇంటర్వెల్‌లో స్టాఫ్ రూము గుమ్మం దగ్గర ఒకాయన చెప్పులు బయట విడిచి, లోపలికి రావాలా వద్దా అని చూస్తూ నిలబడ్డాడు. చూడగానే అక్క తమ్ముడని తెలిసింది. అదే వెడల్పాటి నుదురు, అదే కొంచెం పక్కకు వంచిన తల. ఆయన నా పేరు అడగలేదు. "లెక్కలమ్మ అంటే మీరేనా మేడం?" అన్నాడు. నన్ను అలా పిలిచే మనిషి ఒక్కతే ఉంది. అవునన్నాను. "అక్క పోయింది మ్మా. తెల్లారుజామున. మద్యానం ఎత్తుతాము. మీకు మాత్రం ఎవురో ఒకరు పోయి చెప్పల్లని మున్నే చెప్పి పెట్టింది. అందుకే నేనే వచ్చినాను" అన్నాడు.

నేను చేతిలోని టీ గ్లాసు బల్ల మీద పెట్టాను. మళ్లీ తీసుకున్నాను. మళ్లీ పెట్టాను. ఆయన మాటల్లో నా చెవిన పడింది ఒక్కటే. పోయాక నాకు చెప్పమంది. బతికి ఉండగా ఎందుకు చెప్పలేదు?

ఆమె మా బడిలో గైడెన్స్ మేడం. పిల్లల బాధలు విని వాళ్లకొక దారి చూపించడం ఆమె ఉద్యోగం. తిరుపతిలో ఆడపిల్లల హైస్కూలు మాది. డెబ్భైల చివర్లో మా యాజమాన్యానికి ఎక్కడి నుంచి తట్టిందో గాని, మనస్తత్వ శాస్త్రం చదివిన ఒకావిడను తెచ్చి పెట్టుకుంది. ఆ చుట్టుపక్కల ఏ బడిలోనూ అలాంటి ఉద్యోగం ఉన్నట్టు మేము వినలేదు. ఆమె నాకన్నా నాలుగైదేళ్లు పెద్దది. చేరిన వారానికే నేను అక్కా అన్నాను, ఆమె లెక్కలమ్మా అంది. నేను అక్కడ లెక్కల టీచర్‌ని. కాళహస్తిలో పుట్టి పెరిగాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లోనూ బడిలోనూ అందరికీ తెలుసు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నప్పుడు కూడా ఆమె మీద నాకు కోపంగానే ఉంది. ఏడుపు కోపంగా వస్తుందేమో నాకు.

ఆమెకు మొదట హెడ్మిస్ట్రెస్ గది పక్కన ఒక చిన్న గది ఇచ్చారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, తలుపుకు ఆకుపచ్చ తెర. నెల తిరక్కముందే మేమందరం కలిసి ఆ గదిని పాడు చేశాం. ఎవరైనా అల్లరి చేస్తే "గైడెన్స్ రూముకు పంపిస్తా" అనడం అలవాటైంది. బెత్తం చేసే పని ఆ మాట చేసేది. నేను కూడా హోంవర్కు తేని పిల్లనొకదాన్ని పంపాను. పావుగంటలో ఆమె ఆ పిల్లను వెంటబెట్టుకుని నా క్లాసు గుమ్మం దాకా వచ్చింది. "ఈ బిడ్డకేమీ లేదు లెక్కలమ్మా. భిన్నాలు అర్థం కాలేదంట. అది నా పని కాదు గదా, నీ పని" అంది. క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. క్షమాపణ చెప్తుందేమో అనుకున్నాను. "రేపట్నుంచి నీ క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను. ఏమన్నా అనుకుంటావా?" అంది. ఎందుకని అడిగాను. "నువ్వు ఆ పిలకాయల్ని రోజూ సూస్తా ఉండావు. ఎవురు నవ్వతా వచ్చినారు, ఎవురు అన్నం తినకుండా వచ్చినారు, నీకు తెలిసినట్టు నాకెట్ట తెలుస్తాది? నేను పుస్తకాలు సదివినాను. నువ్వు మొగాలు సదివినావు. నీ కండ్లు నాకు కావల్ల." పొగడ్తలకు లొంగే రకం కాదు నేను. అయినా లొంగిపోయాను. అది పొగడ్త కాదు, నిజంగానే ఆమెకు నా అవసరం ఉందని తర్వాత తెలిసింది.

వెనక బెంచీలో ఆడపిల్లల మధ్య మోకాళ్లు ముడుచుకుని కూర్చునేది. లెక్కలంటే ఆమెకు భయం. నేను బోర్డు వైపు తిరిగితే పక్కనున్న పిల్ల నోటు పుస్తకంలోకి చూసేది. ఒకసారి పట్టుకున్నాను. "కాపీ కొడుతున్నావా అక్కా?" అంటే, "లేదబ్బా, ఆ బిడ్డ చేతిరాత ఎట్టుండాదో సూస్తా ఉండాను" అంది ఏమీ ఎరగనట్టు.

గదిని ఆమె తనంతట తానే వదిలేసింది. తెర ఎత్తి లోపలికి పోయే పిల్లను బడంతా చూస్తుంది, మరి ఎవరు పోతారు? మధ్యాహ్నం అన్నాలయ్యాక పిల్లలందరూ కారియర్లు కడుక్కునే చోటు ఒకటుంది. పెరట్లో సిమెంటు గట్టు, దాని మీద వరసగా కొళాయిలు, పక్కన ఒక డబ్బాలో బూడిద, కొబ్బరి పీచు. ఆమె ఆ గట్టు చివర కూర్చుని తన కారియర్ తోముకోవడం మొదలుపెట్టింది. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చుకునేది. అది కడగడానికి ఎంతసేపు పడుతుంది? ఆమెకు మాత్రం బెల్లు కొట్టేదాకా పట్టేది. చేతులు పనిలో ఉంటే, కళ్లు గిన్నె మీద ఉంటే, ఆడపిల్లల నోటికి మాట దానంతటదే వస్తుందని ఆమె కనిపెట్టింది. పక్కన నిలబడ్డ పిల్ల ఏమి చెప్పినా తల ఎత్తి చూసేది కాదు. "ఇంకా జిడ్డు పోలేదు" అనేది. ఆ మాటకు అర్థం, ఇంకా చెప్పు, నేను ఇక్కడే ఉంటాను అని. పిల్లలకు అది తెలుసు. నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

స్టాఫ్ రూములో మేము పిల్లల ఇళ్ల సంగతులు చెప్పుకుంటుంటే మాత్రం ఆమె ఊరుకునేది కాదు. వాళ్ల నాయన తాగుతాడంట, వాళ్లమ్మ పుట్టింటికి పోయిందంట అని ఎవరైనా మొదలుపెడితే, సంచిలోంచి వేయించిన చెనిక్కాయలు తీసి అందరి ముందూ పోసేది. "ఇవి నములుకుందాం రాండి. ఆ బిడ్డను వదిలేద్దాం" అనేది నవ్వుతూనే. మేము తొక్కలు ఒలుచుకోవడంలో పడిపోయేవాళ్లం.

మా ఇద్దరి మధ్య ఒక ఒప్పందం ఏర్పడింది. నేను చూసింది ఆమెకు చెప్పాలి. చూసింది మాత్రమే. ఫలానా పిల్ల నాలుగు రోజులుగా కిటికీలోంచి చూస్తోంది అని చెప్పాలి గాని, ఫలానా పిల్లకు పొగరెక్కింది అని చెప్పకూడదు. ఆమె పిల్లతో మాట్లాడి, నేను క్లాసులో ఏమి చేయాలో చెప్తుంది. ఎందుకు చేయాలో చెప్పదు. నేను అడగకూడదు.

ఈ చివరిది నాకు మింగుడు పడలేదు. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. బజారులో బట్టల కొట్టున్న వాళ్లమ్మాయి. లెక్క ఇచ్చీ ఇవ్వకముందే చెయ్యెత్తే పిల్ల. దసరా సెలవులయ్యాక తెల్ల కాగితాలు ఇవ్వడం మొదలుపెట్టింది. బోర్డు దగ్గరికి పిలిస్తే చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడేది. అక్కకు చెప్పాను. కొళాయి గట్టు మీద కొన్నాళ్లు గడిచాక ఆమె నాతో, "ఆ బిడ్డను బోర్డు కాడికి పిలవొద్దు. గోడ పక్క సీట్లోంచి మార్చి నీ బల్ల ముందర కూర్చోబెట్టు. పేపర్లో ఏమీ రాయకపోయినా తిట్టొద్దు" అంది.

"ఏమైందక్కా ఆ పిల్లకు?"

"సెప్పను."

"నేను ఆ పిల్ల టీచర్‌ని. నాకు తెలియకూడదా?"

"నీకు సెప్తే రేపు ఆ బిడ్డ నీ ముందర తల ఎత్తుకోలేదు. నువ్వు నోరు తెరిచి ఏమీ అనవు, నాకు తెలుసు. కానీ నీ మొగం సెప్పేస్తాది లెక్కలమ్మా. నీ కడుపులో ఏముంటే అది నీ మొగాన ఉంటాది. నీ కాడ ఆ బిడ్డ ఏమీ జరగనట్టు ఉండల్ల. అట్టాంటి చోటు ఒకటి ఉండల్ల ఆ బిడ్డకు."

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. చెప్పినట్టు మాత్రం చేశాను.

చలికాలంలో ఒకరోజు అక్క నా దగ్గరకొచ్చి, "రేపు ఆ బిడ్డ నాయన వస్తాడు, బడి మాన్పించేదానికి. నేను గదిలో ఉండను. నువ్వు లెక్కల మాట తప్ప ఇంకో మాట ఎత్తొద్దు" అంది. అబద్ధం చెప్పమంటావా అన్నాను. "అబద్ధం యాడుండాది? ఆ బిడ్డకు లెక్కలు బాగా వస్తాయనేది అబద్ధమా?" అంది.

ఆయన స్టాఫ్ రూముకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. "మా బిడ్డకు మతి బాగలేదా మేడం? గైడెన్సమ్మ కాడ కూర్చోబెడతా ఉండారంటనే. మా ఈదిలో పిలకాయలు ఇంటికొచ్చి చెప్పినారు. రేపు సంబంధాలొస్తే మేమేం చెప్పుకోవల్ల? మాన్పించేస్తాను" అన్నాడు. గొంతు గట్టిగా ఉంది గాని, ఎవరైనా వింటున్నారేమోనని మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నాడు. దుర్మార్గుడు కాదు, భయపడ్డ మనిషి.

నాకు అబద్ధం చేతకాదు. ఉన్నదే చెప్పాను. "మీ అమ్మాయి లెక్క చేసే పద్ధతి చూసి నేనే ఒక్కోసారి ఆగిపోతానండి. నేను చెప్పిన దారి కాకుండా దగ్గరి దారి కనుక్కుంటుంది. అలాంటి పిల్ల మాకు ఎప్పుడో గాని దొరకదు. ఇప్పుడు మాన్పిస్తే మళ్లీ దొరకదు. ఆమెను నాకు వదిలిపెట్టండి" అన్నాను. ఆయన అప్పుడు కూర్చున్నాడు. "అంత బాగా చేస్తాదా?" అన్నాడు నెమ్మదిగా. ఆ మాట ఆయనకు అంతకు ముందు ఎవరూ చెప్పలేదు. మేము మార్కుల కాగితం మీద సంతకం పెట్టించుకోవడమే గాని, ఒక తండ్రిని పిలిచి మీ బిడ్డ బాగా చేస్తుందని ఎప్పుడు చెప్పాం? కిటికీలోంచి పెరడు కనిపిస్తోంది. అక్క గట్టు మీద కూర్చుని, కడిగిన కారియర్‌నే మళ్లీ కడుగుతోంది.

పోతూ పోతూ ఆయన ఒక మాట తీసుకున్నాడు. "సదవనీండి. కానీ ఆయమ్మ కాడికి మాత్రం పంపొద్దండి." పంపనన్నాను. ఆ మాట ఇచ్చింది నేను, నిలబెట్టింది అక్క. ఆ పిల్ల గట్టు వైపు వస్తే ఈమె లేచి నీళ్ల బిందె ఎత్తుకుని పక్కకు పోయేది. ఆ తర్వాత అంతా నా చేతుల మీదుగానే నడిపించింది. సాయంత్రం బడి విడిచాక ఆ పిల్ల నా బల్ల దగ్గర లెక్కలు చేసేది. ఈరోజు పిల్ల ఇలా ఉంది, ఇలా అంది అని అక్కకు చెప్పేదాన్ని. రేపు ఇలా చెయ్, ఈ మాట అనొద్దు, ఊరికే పక్కన కూర్చో అని ఆమె చెప్పేది. పిల్ల కోలుకుంది. పదో తరగతి గట్టెక్కింది. ఆ పిల్లను కమ్మిన కష్టమేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. ఇక తెలియదు కూడా.

కాలేజీలో సీటొచ్చాక ఆ అమ్మాయి, వాళ్ల నాయన మైసూరుపాకు పట్టుకుని నా దగ్గరకొచ్చారు. ఆయన చేతులు జోడించాడు. అక్క అటు వైపు కూడా రాలేదు. తర్వాత స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని ఆ మైసూరుపాకే తింటూ, "బాగుండాది. ఇంకోటి ఇయ్" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఆ దండం నాది కాదక్కా, నీది" అన్నాను. "మనిద్దర్లో ఎవురో ఒకరు కనపడకుండా ఉండల్ల మే. అప్పుడే పని జరుగుతాది. అది నేనైతే మేలు. నువ్వు కనపడకుండా ఉండలేవు, నీ గొంతు గాలిగోపురం దాకా వినిపిస్తాది" అని నవ్వింది.

బల్లి అంటే హడలిపోయేది. బస్సెక్కితే చాలు నిద్రపోయేది. శనివారం ఊరికి పోతూ నిద్రలో పుత్తూరు దాటిపోయి నగరి దాకా వెళ్లి వెనక్కొచ్చిన సందర్భాలున్నాయి. జామకాయ కొంటే సగం నాకు విరిచి ఇచ్చేది, ఎప్పుడూ పెద్ద సగమే. ఇప్పుడు ఇవన్నీ రాయడానికి చిన్న సంగతులే. మొన్న బజారులో జామకాయల బుట్ట చూసి అక్కడే నిలబడిపోయాను.

పోయిన జూన్‌లో బడి తెరవగానే ఆమె నాతో, "ఈ ఏడు నీ క్లాసు కింది గదికి మార్పించుకో" అంది. ఎందుకని నేను అడగలేదు. హెడ్మిస్ట్రెస్‌తో పోట్లాడి మార్పించుకున్నాను. మెట్లెక్కలేని పిల్ల ఎవరో ఉందనుకున్నాను. కొన్నాళ్లకు, "మద్యానం నువ్వూ కొళాయి కాడికి రా. నాతోబాటు కూర్చో" అంది. నా ముందు పిల్లలు నోరు విప్పరన్నాను. "విప్పతారు. నీ మొగం పక్కకు తిప్పుకుని గిన్నె తోము" అంది. వెళ్లి కూర్చున్నాను. ఏ పిల్లకో నేను అలవాటు కావాలి కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత, "శనివారం నన్ను బస్టాండు దాకా తోడొచ్చి సీట్లో కూర్చోబెట్టి పో. కండక్టరుకు సెప్పు, పుత్తూరులో లేపమని" అంది. నవ్వుకున్నాను. సంచి నేనే మోశాను. సంచి బరువు లేదు, అయినా ఆమె ఇచ్చేసింది. చెప్పినవన్నీ చేశాను. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. అంత బాగా నేర్పించింది నాకు.

దసరా తర్వాత సెలవు పెట్టింది. అమ్మకు కంటి ఆపరేషన్, దగ్గరుండాలి అంది. సంక్రాంతి సెలవుల్లో వెళ్లి చూసొద్దామనుకున్నాను. ఈలోపే ఆమె తమ్ముడు మా గుమ్మంలోకి వచ్చాడు.

ఆయనతోనే బస్సెక్కాను. పుత్తూరులో బస్సు మారాక ఆయనే చెప్పాడు. కడుపులో గడ్డ. ఏడాదిన్నరగా వేలూరు ఆస్పత్రిలో చూపిస్తున్నారు. ఈ మధ్య శనివారం శనివారం ఊరికి పోయింది అందుకేనట, అక్కడి నుంచి తమ్ముడే వేలూరు తీసుకుపోయేవాడు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేదట. నేను కింది గదిలో ఉంటే నా క్లాసులో కూర్చోవడానికి ఆమె మెట్లెక్కే పని లేదు. ఆ మెట్లెక్కలేని పిల్ల ఆమే. బస్టాండు దాకా తోడు అడిగింది నిద్ర కోసం కాదు. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను చివరికి. గొంతు పెద్దదైంది. ముందు సీటు వాళ్లు తిరిగి చూశారు.

"నేనూ అడిగినాను మ్మా. ఆయమ్మకు ఒక మాట చెప్పక్కా, తోడుగా ఉంటాది అన్నాను. 'వద్దురా. ఆయమ్మ మొగం సెప్పేస్తాది. పిలకాయలందరికీ ఒక్క పూటలో తెలిసిపోతాది. ఇంక వాళ్ల బాధలు నాకు సెప్పరు, నా బాధ అడుగుతారు' అనింది. ఇంకొకటి కూడా అనింది. 'ఆయమ్మ కాడ నాకు ఏమీ జరగనట్టు ఉంటాది. అట్టాంటి చోటు నాకొకటి ఉండల్ల' అనింది."

ఎన్నో ఏళ్ల కిందట బట్టల కొట్టాయన కూతురి గురించి అక్క నాతో అన్న మాటే అది. ఆ బిడ్డ చోట తనను పెట్టుకుంది, అంతే.

కార్వేటినగరంలో వాళ్ల ఇంటి వసారాలో ఆమెను పడుకోబెట్టారు. ఇంత చిన్నదైపోయింది. తల అప్పుడు కూడా కొంచెం పక్కకు వాలి ఉంది, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, "నువ్వేనా లెక్కలమ్మవి? నీ గురించే చెప్పేది" అంది. నాకు నిజంగా చెప్పాలనిపించింది ఆమెతో, అక్కా, నా మొహం ఇప్పుడు చూడు, ఇందులో ఏముందో చదువు అని. వినేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ నా కోపం, నా విసుగు, నా ఇంటి గొడవలు అన్నీ ఆమెకే చెప్పుకున్నాను. ఆమె తనకోసం నా దగ్గర తీసుకుంది ఒక్కటే, ఏమీ జరగనట్టు ఉండే ఆ కాసేపు. అదైనా ఇవ్వగలిగానని ఒక్కోసారి అనుకుంటాను. అది కూడా తెలియకుండానే ఇచ్చానే అని మళ్లీ ఏడుపొస్తుంది.

గురువారం బడికి వెళ్లాను. మధ్యాహ్నం అన్నం సహించలేదు. కాలు దానంతటదే పెరట్లోకి నడిచింది. గట్టు చివర ఆమె చోటు ఖాళీగా ఉంది. పిల్లలు అక్కడ ఎవరూ కూర్చోలేదు. నేను కూర్చున్నాను. తినని కారియర్ తీసి, అన్నం కాకులకు పెట్టి, పీచుకు బూడిద అద్దుకుని తోమడం మొదలుపెట్టాను. కొళాయిలో నీళ్లు సన్నంగా వస్తున్నాయి.

కాసేపటికి పక్కన ఒక పిల్ల వచ్చి నిలబడింది. ఏడో తరగతి గళ్ల పావడా మాత్రం కంటి కొసకు కనిపించింది. కారియర్ చేతిలోనే ఉంది, కడగడం లేదు. నా కళ్లు ఎర్రగా ఉన్నాయని నాకు తెలుసు. తల ఎత్తలేదు, ఆ పిల్ల వైపు తిరగలేదు. కడిగిన గిన్నె మళ్లీ ధార కింద పెట్టాను.

"ఇంకా జిడ్డు పోలేదు" అన్నాను.

ఆ పిల్ల తన కారియర్ మూత తీసి నా గిన్నె పక్కన పెట్టింది. ఒకే ధార రెండింటి మీదా పడుతోంది.